ఇంట్లో ఒకరికి కాలం కలిసిరానప్పుడు రెండోవాళ్లు చేయాల్సిన పనులు

కొన్ని ఇళ్లలో భార్యాభర్తల్లో ఒకరికి దెబ్బ మీద దెబ్బ తగులుతూ ఉంటుంది. ఎవరి జోలికీ పోరు, అయినా ఏదో ఒకటి వచ్చి మీద పడుతుంది. పక్కనున్న మనిషికి ఏం చేయాలో తోచదు. ఆ పక్కనున్న మనిషి కోసమే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. మా ఆయనది ఇన్వర్టర్ బ్యాటరీల షాపు. నేను ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడతాను, ఫాల్స్, పీకో చేస్తాను. కొన్నేళ్లుగా మా ఇంట్లో ఇదే వరస. షాపు ముందు తాళం వేసి పెట్టిన బండి పట్టపగలు పోయింది. రోడ్డు వెడల్పు చేస్తామని షాపు ముందు భాగం కొట్టేశారు. ముక్కూమొహం తెలియని వాడెవడో చేసిన మోసానికి మా షాపు ఖాతా ఆగిపోయింది. ఇవి కాక, ఆయన బయటికి వెళ్తే చాలు, మోకాలో మోచెయ్యో పగలగొట్టుకుని వచ్చేవారు. అత్తయ్య వైపు వాళ్లు "పెళ్లినాటి ముహూర్తమే అలాంటిది" అన్నారు. మా పుట్టింటివాళ్లు "అల్లుడిది దరిద్రపు జాతకం" అన్నారు. మధ్యలో ఆయన మాట్లాడటమే తగ్గించేశారు.

మొదట చేయాల్సింది, ఆ దెబ్బలన్నిటినీ ఒక్క పేరు కింద కట్టేయకుండా విడదీయడం. అన్నీ కలిపి "శని" అంటే దానికి చేయగలిగింది ఏమీ కనపడదు. విడివిడిగా చూస్తే ఒకదానికి పోలీసు స్టేషన్ ఉంది, ఒకదానికి బ్యాంకు ఉంది, ఒకదానికి డాక్టర్ ఉన్నాడు, ఒకదానికి గుడి ఉంది. ఒక పుస్తకం తీసుకోండి. నేను నా కొలతల పుస్తకం వెనక పేజీలు వాడాను. ఏం జరిగింది, ఎక్కడ, ఏ పూట, పక్కన ఎవరున్నారు, చేతిలో ఏ కాగితం ఉంది, ఇవి రాయండి. ఒంటికి దెబ్బ తగిలితే ఏ వైపు తగిలిందో కూడా రాయండి. "ఖర్మ", "గ్రహచారం" లాంటి మాటలు ఆ పుస్తకంలో రాయొద్దు. జరిగింది మాత్రమే రాయాలి. ఇద్దరూ కూర్చుని రాస్తే మరీ మంచిది. ఎందుకంటే దెబ్బ తిన్న మనిషికి అన్నీ కలిసి ఒక్క కొండలా కనిపిస్తాయి, వరసగా కాగితం మీద పెడితే ఒక్కొక్కటీ దాని సైజులో అది కనిపిస్తుంది.

ఆ పేజీల్లో మాకు ముందు కనపడింది గుద్దుకోవడాల సంగతి. తలుపు అంచు, పార్కింగ్‌లో పక్క బండి అద్దం, ఫుట్‌పాత్ అంచు, పెళ్లిలో వడ్డించే అబ్బాయి చేతిలో సాంబారు బకెట్టు. అన్నీ పక్క నుంచి వచ్చినవే. ఎదురుగా ఉన్న దేనికీ ఆయన గుద్దుకోలేదు. ఎక్కువ భాగం సాయంత్రం పూట, దీపాలు పెట్టే వేళ. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, పుస్తకం చూసి "నాన్నకి పక్కన కనపడట్లేదేమో" అంది.

మనిషి ఊరికే పడిపోతున్నా, గుద్దుకుంటున్నా, దూరం అంచనా తప్పుతున్నా, గుడి కంటే ముందు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కళ్లజోడు షాపులో అక్షరాలు చదివించి పంపే పరీక్ష సరిపోదు. మా ఆయన ఆ అక్షరాలన్నీ కింది వరస దాకా గడగడా చదివేశారు. కంటి ఆసుపత్రిలో మూడు పరీక్షలు అడగాలి: కంట్లో ఒత్తిడి కొలవడం, చుక్కలు వేసి లోపలి నరం చూడటం, ఫీల్డ్ టెస్ట్. ఈ మూడోది నేను పక్కనే నిలబడి చూశాను. చీకటి గదిలో ఒక గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి కూర్చోబెడతారు. ఒక కన్ను మూసేస్తారు. ఎదురుగా ఉన్న ఒకే చుక్కని చూస్తూ ఉండాలి. చుట్టుపక్కల ఎక్కడెక్కడో చిన్న వెలుగులు వచ్చిపోతుంటాయి, వెలుగు కనపడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. వెలుగులు వస్తున్నాయి, పోతున్నాయి, ఆయన బొటనవేలు బటన్ మీదే ఉంది, కదలడం లేదు. తర్వాత ఇచ్చిన కాగితం మీద అంచుల వెంబడి నల్లగా ఉంది.

అది గ్లకోమా, మన వాళ్లు నీటికాసులు అంటారు. ఎక్కువమందికి నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చాలామందికి పక్క చూపు ముందు పోతుంది, సూటి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. ఒక కంటికి కనపడని చోటుని రెండో కన్ను కప్పేస్తుంది కాబట్టి ఆ మనిషికే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికి చుక్కల మందులు, లేజర్, ఆపరేషన్ ఉన్నాయి. నలభై దాటినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఇది ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్ మందులు వాడినవాళ్లు తప్పకుండా చూపించుకోవాలి. రక్తసంబంధం ఉన్నవాళ్లకి వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని మా బావగారికి, ఆడపడుచుకి కూడా ఫోన్ చేసి చెప్పాం.

చుక్కలు వేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. తల వెనక్కి వాల్చి, కింది రెప్పని కొంచెం లాగి ఆ సందులో ఒక్క చుక్క వేయాలి. వేశాక కళ్లు మూసుకుని ముక్కు పక్కనున్న మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి, లేకపోతే మందు గొంతులోకి దిగిపోతుంది. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. ఉబ్బసం ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి, కొన్ని చుక్కలు వాళ్లకి పడవు. మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక ఈ పని నాది. రాత్రిపూట బండి తోలడం ఆయన మానేశారు.

అందరి ఇళ్లలోనూ కన్నే కారణమని నేను చెప్పను. నిద్రలో గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకి పగలు నిద్ర ముంచుకొస్తుంది, బండి మీద కూడా కునుకు పడుతుంది. షుగర్ పడిపోయే వాళ్లుంటారు. లేవగానే కళ్లు తిరిగే బీపీ మందులుంటాయి. ఒంటికి తగిలే దెబ్బలు పదేపదే వస్తుంటే ఒళ్లు చూపించాకే మిగతావి.

ఇక డబ్బు దెబ్బలు. ఖాతా ఆగిపోవడం గురించి వివరంగా చెప్తాను, ఇది ఇప్పుడు చిన్న వ్యాపారం చేసే ఎవరికైనా రావచ్చు. ఎక్కడో ఒకరిని ఆన్‌లైన్‌లో మోసం చేసి డబ్బు లాగేస్తారు. ఆ డబ్బు చేతులు మారుతూ, అందులో కొంత పెట్టి ఒకడు మీ షాపులో వస్తువు కొని ఫోన్‌పేలో కడతాడు. మోసపోయినవాళ్లు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తారు. డబ్బు ఏయే ఖాతాల గుండా వెళ్లిందో వాటన్నిటినీ ఆపమని బ్యాంకులకి కబురు వెళ్తుంది. మీరు బ్యాటరీ అమ్మారు, బిల్లు ఇచ్చారు, అయినా మీ ఖాతా ఆగుతుంది. మా ఆయనకి ఆ రోజు కరెంటు బిల్లు కట్టబోతే తెలిసింది. "ఇదిగో, నా చేతికి వచ్చిన డబ్బు కూడా దొంగదే" అని షట్టర్ దించేసి ఇంటికొచ్చి పడుకున్నారు.

అప్పుడు చేయాల్సింది ఇది. బ్యాంకుకి వెళ్లి మేనేజర్‌ని రాతపూర్వకంగా అడగండి: ఫిర్యాదు నంబరు ఏమిటి, ఏ రాష్ట్రం, ఏ పోలీసు స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత, దర్యాప్తు అధికారి ఈమెయిల్ ఏమిటి. నోటిమాటగా చెప్తే ఊరుకోవద్దు. మీరు ఇచ్చిన అర్జీ మీద బ్యాంకు ముద్ర వేయించుకుని కాపీ ఉంచుకోండి. తర్వాత ఆ అధికారికి మెయిల్ పెట్టండి. అందులో ఆ అమ్మకం బిల్లు, జీఎస్టీ ఉంటే ఆ నంబరు, పేమెంట్ తాలూకు యూటీఆర్ నంబరు (ప్రతి చెల్లింపుకీ బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు), కొన్నతని ఫోన్ నంబరు, ఆ నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ కాపీ జత చేయాలి. షాపులో కెమెరా ఉంటే ఆ రోజు రికార్డింగ్ వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి, కొద్ది రోజులకే చెరిగిపోతుంది. ముఖ్యంగా ఈ కోరిక స్పష్టంగా రాయాలి: వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపి, మిగతా ఖాతాని విడుదల చేయండి. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లో అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలని చెప్పింది. పోలీసుల నుంచి జవాబు రాకపోతే లాయరు ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయొచ్చు. ఆ అర్జీకి ఆధారం, పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్పీసీలో 457గా ఉన్న సెక్షను. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో అది 503 అయింది.

"పదివేలు ఇస్తే రేపటికల్లా తీయిస్తాం" అనే మధ్యవర్తులు కచ్చితంగా వస్తారు. వాళ్లకి రూపాయి కూడా ఇవ్వొద్దు, ఓటీపీ అసలే చెప్పొద్దు. మాకు వేరే రాష్ట్రం పోలీసులతో పని పడింది. ఇంగ్లీషు మెయిళ్లు మా అమ్మాయి రాసింది, ఫోన్లు నేను చేశాను. భార్య చేయాల్సిన పనుల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. ఆయనకి ఓపిక అయిపోయిన చోట కాగితం పని తను అందుకోవాలి. ఆయన్ని లేపి పంపించాలని చూస్తే గొడవే మిగులుతుంది.

ఇంకో జాగ్రత్త. ఇంట్లో డబ్బంతా ఒకే ఖాతాలో పెట్టొద్దు. షాపుది వేరు, ఇంటి ఖర్చు వేరు, భార్య పేరు మీద ఇంకో బ్యాంకులో ఒకటి ఉండాలి. మాకు ఆ నెలలు గడిచింది నా కుట్టుకూలి జమయ్యే ఖాతా వల్లే.

బండి పోతే, వెంటనే 112కి ఫోన్, ఆ రోజే స్టేషన్‌లో ఎఫ్ఐఆర్, అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి కబురు, తర్వాత ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పడం. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇన్సూరెన్స్‌వాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు, అందుకని రెండోదాన్ని బీరువాలో పెట్టండి. బండి దొరకలేదని పోలీసులు ఇచ్చే కాగితం వచ్చేదాకా క్లెయిమ్ కదలదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు. ఈ సాయంత్రమే మీ పాలసీ తీసి చూడండి. ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో బ్లాక్ చేయించొచ్చు. రోడ్డు వెడల్పు సంగతి ఎక్కువ చెప్పడానికి లేదు. మాది అద్దె షాపు, అక్కడ యజమానికి వచ్చేదేదో యజమానికే. మేం లోపలికి జరిగాం.

ఇప్పుడు శని గురించి. నేను దేవుణ్ణి నమ్ముతాను, శనివారం నువ్వుల నూనె దీపం పెడతాను. అందుకే లెక్క కూడా తెలుసుకున్నాను. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తర్వాత రాశి కలిపి ఏడున్నరేళ్లు, అదే ఏలినాటి శని. గ్రహాలు ఆకాశంలో కనపడే చోటుని బట్టి లెక్కించే దృక్సిద్ధ పంచాంగం ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాడు. కాబట్టి ఇప్పుడు కుంభ, మీన, మేష రాశులకి ఏలినాటి శని, సింహానికి ఎనిమిదో రాశిలో ఉన్నాడు కాబట్టి అష్టమ శని, ధనుస్సుకి నాలుగో రాశిలో ఉన్నాడు కాబట్టి అర్ధాష్టమ శని. పన్నెండు రాశుల్లో ఐదింటికి ఏదో ఒక శని ఉన్నట్టే. మా ఆయనది మీనరాశి, రేవతి. పక్క షాపు ఆయనదీ మీనరాశే, ఈమధ్యే రెండో షాపు తెరిచారు. కుజదోషం లెక్కా ఇంతే. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం అంటారు, అవీ పన్నెండులో ఐదు. మా వాళ్లు ఆయన జాతకం అయిపోయాక నాది తీశారు, అందుకే ఇది నేర్చుకున్నాను. ఇంతమందికి ఉన్నదాన్ని పట్టుకుని ఒక మనిషిని ఇంట్లో మూలన కూర్చోబెట్టకూడదు.

శాంతి చేయించుకోవాలనిపిస్తే చేయించుకోండి. మేం కోనసీమలో మందపల్లి వెళ్లాం. రావులపాలెం నుంచి దగ్గరే. అక్కడ మందేశ్వరస్వామికి నువ్వుల నూనెతో తైలాభిషేకం చేస్తారు. శని త్రయోదశి నాడు కాలు పెట్టే చోటు ఉండదు, మామూలు శనివారమైతే కాస్త నెమ్మదిగా చేసుకోవచ్చు. మాకు మనసు తేలికపడింది, అది నిజం. అయితే మేం మూడు షరతులు పెట్టుకున్నాం, మీరూ పెట్టుకోండి. అప్పు చేసి ఏ శాంతీ వద్దు. మందులు, ఫీజులు, ఈఎంఐలు పోగా మిగిలినదాంట్లోనే. ఇద్దరూ కలిసి వెళ్లాలి, "నీ దోషం, నువ్వెళ్లి పోగొట్టుకునిరా" అని ఒకరిని పంపకూడదు. భయపెట్టి అడిగేవాళ్ల గడప మళ్లీ తొక్కకూడదు. నీలం ఉంగరం పెట్టకపోతే ప్రాణగండం అని ఒకాయన అన్నారు. అదే డబ్బు ఫీల్డ్ టెస్ట్‌కి పెట్టాం.

ఇంట్లో మాటల సంగతి అన్నిటికంటే కష్టం. "నీ మొహం చూసి వెళ్తే ఇంతే", "నీ చేతిలో ఏది పెట్టినా అంతే", "నిన్ను చేసుకున్నప్పట్నుంచీ", ఈ మూడూ కోపంలో కూడా రాకూడదని మేం గట్టిగా అనుకున్నాం. జరిగినదాని గురించి ఎంతైనా తిట్టుకోవచ్చు: దొంగని తిట్టొచ్చు, బ్యాంకుని తిట్టొచ్చు, రోడ్డుని తిట్టొచ్చు. పిల్లల ముందు మరీ జాగ్రత్త. "నాన్న వస్తే పని చెడుతుంది" అనే మాట ఒకసారి చెవిలో పడితే పిల్లలు పరీక్షకి వెళ్లేటప్పుడు నాన్న ఎదురు రాకుండా చూసుకుంటారు. మా అమ్మాయి పబ్లిక్ పరీక్షలకి ప్రతి రోజూ ఆయన్నే ఎదురు రమ్మన్నాను. ఆయన ముందు రోజు వద్దన్నారు, గుమ్మంలో నిలబడ్డాక మాత్రం చేతిలో పెన్నుల డబ్బా పట్టుకుని ఉన్నారు, అమ్మాయి ఆ డబ్బా ఆయన చేతి నుంచే తీసుకుంది.

బంధువులకి జవాబు ఎవరి వైపు వాళ్లకి వాళ్లే చెప్పాలి. మా అన్నయ్య గృహప్రవేశానికి పిలుస్తూ "బావగారు కొంచెం భోజనాల వేళకి వస్తే చాలమ్మా" అన్నాడు. అర్థమైంది. "అన్నయ్యా, పాలు పొంగించేటప్పుడు మేమిద్దరం ఉంటాం, లేకపోతే ఇద్దరం రాం. ఈ మాట ఆయన దాకా రానివ్వకు" అన్నాను. వదిన మర్నాడు ఇద్దరికీ బట్టలు తీసుకుని మళ్లీ పిలవడానికి వచ్చింది. అత్తయ్యతో మాత్రం మా ఆయనే మాట్లాడారు: "అమ్మా, ముహూర్తం పెట్టించింది నువ్వూ నాన్నే, దాన్ని అనకు." నేను అని ఉంటే అది అత్తాకోడళ్ల తగువయ్యేది.

మనిషి మరీ మూగబోతే, నిద్ర పట్టక, తిండి సయించక, "నేను లేకపోతే మీరైనా సుఖంగా ఉంటారు" అన్నాడంటే, ఆ మాటని బాధలో అన్న మాటగా వదిలేయకండి. ఒంటరిగా ఉంచొద్దు. 14416 టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీరే ముందు ఫోన్ చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు. నేనూ అలాగే చేశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. పుస్తకంలో రాస్తున్నప్పుడు కొన్నిటికి చోటు, వేళ, కాగితం ఏదీ దొరకకపోతే, డబ్బు పోయిందని మాత్రమే తెలుస్తుంటే, అది దురదృష్టం కాకపోవచ్చు. రమ్మీ, బెట్టింగ్, లోన్ యాప్‌లు చాలా ఇళ్లలో "కలిసిరావట్లేదు" అనే మాట వెనకే ఉంటున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రమూ చట్టం చేసింది, అయినా ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. ఇద్దరూ కూర్చుని ఇద్దరి క్రెడిట్ రిపోర్టులూ (మన పేరు మీద ఏయే అప్పులున్నాయో చూపే కాగితం) తీయండి, ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది. ఒక్కరిదే తీస్తే అనుమానించినట్టు ఉంటుంది. ఇక దెబ్బ తిన్న కోపం మీ మీద చెయ్యి చేసుకునే దాకా వస్తే దానికి గ్రహాలతో సంబంధం లేదు, 181కి ఫోన్ చేయండి.

చివరగా, రాబోయే దెబ్బకి ఇప్పుడే చేయగలిగిన చిన్న పని ఒకటి ఉంది. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి, ప్రమాదంలో పోతే లేదా పూర్తిగా అంగవైకల్యం వస్తే 2 లక్షలు. జీవన జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, చేరిన మొదటి నెలలో మాత్రం ప్రమాదానికే. ఇద్దరి పేరు మీదా తీసుకోండి, నామినీ పేరు సరిగ్గా ఉందో చూసుకోండి. రెండిటికీ ఏడాది జూన్ 1న మొదలై మే 31తో అయిపోతుంది. మే నెలాఖరులో ఆ డబ్బు ఖాతాలోంచి దానంతటదే తీసుకుంటారు, అప్పటికి ఇద్దరి ఖాతాల్లోనూ కనీసం ఐదొందలు ఉండేలా చూసుకోండి.